మూడువందల పన్నెండు మిల్లీసెకన్లు

ఎర్రదీపం వెలగ్గానే మీట నొక్కాలి.
అంతే పరీక్ష.
బకోలోద్ బస్టాండు వెనక,
ఒకప్పుడు బియ్యం గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో
నా ల్యాప్‌టాప్, తీగలు, ఒక ఫ్యాను.
బయట చక్కెర మిల్లు మడ్డి వాసన.
అన్నానికీ అంటుకుంటుంది, నిద్రకీ అంటుకుంటుంది.

ట్రైసికిల్ తోలే రోడెల్: రెండువందల ఇరవై ఆరు.
నర్సింగ్ చదివే మరివిక్: రెండువందల నలభై.
వీళ్లకు అర్నిస్ కర్రసాము నేర్పే కాండెలారియా అమ్మమ్మ,
డెబ్బై ఒకటో ఏడు,
కళ్లజోడు తుడుచుకుని, మీట మీద వేలు పెట్టి,
దీపం వెలిగాక కాసేపు దానికేసి చూసి
అప్పుడు నొక్కింది.
మూడువందల పన్నెండు.

నేను అంకె వేసుకుంటూ
మొహమాటానికి, బాగానే ఉందన్నాను.
ఆవిడ నవ్వింది.
"దీపానికి నా మీద కోపం లేదుగా, తోతో."

సాయంత్రం కర్రలు బయటికొచ్చాయి.
నిప్పుసెగన కాల్చి గట్టిపరిచిన పేము బెత్తాలు.
ఒకదానికొకటి తగిలితే కాలిన వాసన,
అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు.
రోడెల్ కొట్టాడు. పడుచువాడు, రెండువందల ఇరవై ఆరు వాడు.
వాడి కర్ర చేరేసరికి
ఆవిడ కర్ర అక్కడ కూర్చుని ఉంది,
ముందొచ్చిన చుట్టంలా.
మళ్లీ కొట్టాడు. మళ్లీ అక్కడే.
వీడియో తీసి ఒక్కో ఫ్రేమూ వెనక్కి జరిపి చూశాను.
రోడెల్ మోచెయ్యి ఇంకా లేవలేదు.
ఆవిడ ముంజేయి అప్పటికే తిరుగుతోంది.
చూపు కర్ర మీద లేదు.
వాడి భుజం కింద
చొక్కా ముడత ఒకటి బిగుసుకునే చోట ఉంది.

నా వంతూ వచ్చింది.
కర్ర నా చెవి పక్కన ఆగింది. రెప్ప ఆ తర్వాత పడింది.
దెబ్బ వచ్చిందని నాకు తెలిసేసరికి
అది తిరిగి వెళ్లి
ఆవిడ చంక కింద కునుకు తీస్తోంది.

మా పాఠాల్లో చెబుతారు,
నరం పరుగు పెద్దగా పెరగదు,
చదివే చోటే ముందుకు జరుగుతుంది అని.
సాధన చేసిన మెదడు
మాట పూర్తయ్యేదాకా ఆగదు,
మొదటి అక్షరానికే తలుపు తీస్తుంది అని.
నేనే రాశానొకసారి, మంచి మార్కులొచ్చాయి.

"ఎన్నేళ్లు పట్టింది ఇది?" అన్నాను.
"పన్నెండో ఏట కర్ర పట్టాను."
ఆగి, బెత్తానికి లేచిన పీచును గోటితో లాగుతూ అంది,
"ఇది అంతకు ముందుది.
మా నాన్న మిల్లు నుంచి వచ్చేవాడు. శనివారం, కూలి డబ్బుల రోజు.
గుమ్మం దాటే కాలు చూసేదాన్ని కాదు,
చేతిలో బెల్టూ చూసేదాన్ని కాదు.
ఎడమ భుజం. అది కిందికి జారిందా,
చెల్లెల్ని లాక్కుని చెరకుతోటలోకి.
గురువు దగ్గర కొత్తగా నేర్చుకుందల్లా
పారిపోకుండా నిలబడటం."

నా పట్టికలో వరుసలున్నాయి.
వయసు, చేతివాటం, శిక్షణ మొదలైన ఏడు.
ఆ చివరి గడిలో ఏం వెయ్యాలో తెలీక
పెన్ను మూత పెట్టాను, తీశాను, పెట్టాను.

మరివిక్ కాఫీ తెచ్చింది.
బల్ల అంచున నేను పెట్టిన కప్పు
నా మోచెయ్యే తగిలి జారింది.
నేను చూశాను, రోడెల్ చూశాడు,
అందరికన్నా దగ్గర ఆవిడే.
ఆవిడ చెయ్యి కదల్లేదు.
కప్పు సిమెంటు మీద పగిలి
కాఫీ ఆవిడ చెప్పుల కిందికి పాకింది.

పెంకుల వంక చూసి
ఏదో కొత్త సంగతి విన్నదానిలా అంది,
"దానికి భుజం లేదు."

తర్వాత మోకాళ్లు పట్టుకుని, మెల్లగా వంగి
ఒక్కో పెంకూ ఏరడం మొదలుపెట్టింది.
చీపురు తెద్దామనుకున్నాను.
ఇంకా లేవలేదు.
అటుంది అని వేలు చూపించింది,
తలెత్తకుండానే.