నలభై ఏడో ప్రశ్న

బల్లరాట్‌లో జూన్ నెల వాన.
స్టర్ట్ వీధి వెనక మా ఆఫీసుకి బోర్డు ఉండదు.
దెబ్బలు తిని ఇల్లొదిలి వచ్చిన ఆడవాళ్ళ పేర్లు,
ఇప్పుడు ఏ గదిలో తలదాచుకున్నారో ఆ చిరునామాలు,
పిల్లల కొత్త బడి, కొత్త ఫోన్ నంబరు,
అన్నీ వంటగది సింకు పక్కన పాత సర్వర్‌లో.
రాత్రంతా మూలుగుతుంది అది.

"క్లౌడ్‌లోకి ఎక్కించేద్దాం" అంది మోయిరా,
అటకమీదికి అట్టపెట్టె ఎక్కించినంత తేలిగ్గా.
ఎవరి క్లౌడో తేల్చే పని నాది.

మూడు కంపెనీలు. నూట నలభై ప్రశ్నలు.

మొదటివాళ్ళ కాగితాల్లో ప్రతి గడిలోనూ అవును.
తాళం వేస్తాం, అవును. కాపలా ఉంది, అవును.
చివరిపేజీ దాకా
గంగిరెద్దులా తలూపుతూనే ఉంది కాగితం.

రెండోవాళ్ళు వీడియో చూపించారు:
కంచెలు, కెమెరాలు, వేలిముద్రలడిగే తలుపులు.
తాళంచెవి మీ దగ్గరుంటుందా, మా దగ్గరా? అన్నాను.
"రెండుచోట్లా. మీ సౌకర్యం కోసం."
సౌకర్యం దగ్గర ఆగిపోయింది నా పెన్ను.

మూడో కంపెనీ నుంచి ఇమోజెన్. జలుబు చేసిన గొంతు.
నలభై ఏడో ప్రశ్న చదివి వినిపించాను:
రాత్రి రెండింటికి మీ ఉద్యోగి ఒకడు
వదిలిపోయిన భార్య పేరు కొట్టి వెతికితే
ఎవరికి తెలుస్తుంది? ఎంతసేపట్లో?

ముక్కు తుడుచుకుంది.
"తెలీదు. రేపు చెప్తాను."

రేపు రాలేదు. ఎల్లుండి వచ్చింది ఉత్తరం:
తెలుస్తుంది, కానీ పదకొండు గంటల తర్వాత.
అది ఆలస్యమేనని నాకూ అనిపించింది.
పైవాళ్ళకి రాశాను.

పదకొండు గంటలు.
మెల్‌బోర్న్ నుంచి ఇక్కడికి గంటన్నర దారి.
పెట్రోలు పోయించుకుని, కాఫీ తాగి,
తీరిగ్గా వచ్చి తలుపు తట్టొచ్చు ఒక మనిషి.

మబ్బుని చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోకంటారు కదా,
సరే, ముంత ఎలా ఉందో చూద్దామని వంగాను.
సర్వర్ నుదుట పసుపు చీటీ.
దానిమీద పాస్‌వర్డ్,
నా చేతిరాతే.
పక్కన వెనకతలుపు గొళ్ళెం
గాలికి లొడలొడమంటోంది.

ముందు చీటీ చింపాను.
తర్వాత రిపోర్టు తెరిచి, ఇమోజెన్ కంపెనీ ఎదురుగా
'నమ్మవచ్చు' అని రాసి, కొట్టేసి,
'అడిగితే నిజం చెప్తారు' అని రాశాను.

మోయిరా కళ్ళజోడు పైకి నెట్టింది.
"ఇదీ ఒక మార్కేనా?"

ఆలోచిస్తున్నాను.
తాళంచెవి మా దగ్గరే ఉండాలన్నాను.
చిరునామాల గడి మాత్రం
ఇంకా ఖాళీగానే ఉంది.