ఎడం

వేర్ నది ఒడ్డున, సండర్లాండ్‌లో
పడవలు లేని పడవల షెడ్డు.
నాన్న రివెట్లు కొట్టిన రేకుల్ని పక్కటెముకల్లా వంచి
నడుమ గాజు పోస్తుంది బ్రెండా హెపుల్,
తీగపాకం పోసినట్టు.

మూడు రోజులు చల్లారాలి.
తొందరపెడితే ఇనుము ముందే ముడుచుకుంటుంది,
గాజు పంతానికి పోతుంది.

మొన్న అర్ధరాత్రి కొలిమిలో టింగుమంది.
నేను ఉలిక్కిపడ్డాను.
ఆమె టీలో బిస్కెట్టు ముంచుతూనే
"ఎనిమిదోది" అంది.

తొమ్మిదోసారి
ఇనుముకి పలచటి కాగితం చుట్టింది.
అది కాలి, బూడిదై,
వెంట్రుకవాసి ఎడం మిగిలింది.

సముద్రం వైపు తలుపు తీస్తే
బొమ్మ సన్నగా గలగలమంటుంది.
కొనడానికొచ్చినాయన వేలితో కదిపి చూశాడు:
"వదులుగా ఉందేమిటండీ?"

"అందుకే ఉంది"
అంది బ్రెండా,
చేతికంటిన మసి
గౌనుకి తుడుచుకుంటూ.