ఎర్రముల్లు

కంచరపాలెం పాలిటెక్నిక్‌లో
మెటీరియల్ టెస్టింగ్ ల్యాబు తాళంచెవి
పంతొమ్మిదేళ్లుగా నా మొలతాడుకే వేలాడుతోంది.
నా ఉద్యోగం తెంచడం.
చెప్పుకోడానికి బాగోదు గానీ, అదే.

మైల్డ్ స్టీలు కడ్డీని దవడల్లో బిగించి వాల్వు తిప్పుతాను.
పన్నెండు మిల్లీమీటర్ల మందం.
రెండు టన్నుల ముప్పాతిక దాకా ఏమీ ఎరగనట్టుంటుంది.
అక్కడ డయలు మీద నల్లముల్లు తటపటాయిస్తుంది,
కాస్త వెనక్కి కూడా జారుతుంది.
"సర్, మిషను ఆగిపోయిందా?" అంటారు వెనక బెంచీవాళ్లు.
మిషను ఆగలేదు నాన్నా, ఇనుము లొంగింది.
ఇక సాగుతుంది, సన్నబడుతుంది, మెడ పడుతుంది,
ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది,
నాలుగున్నర టన్నులు చూశాక గానీ ప్రాణం వదలదు.

పోతయినుము అలా కాదు.
అదే లావు, అంతకన్నా బిర్రుగా నిలబడుతుంది.
రెండు టన్నులకే టప్పున
సాగకుండా, చెప్పకుండా.
విరిగిన చోట చూడు, అనకాపల్లి బెల్లందిమ్మ పగిలినట్టు గరుకు.
దాన్నే కింద పెట్టి నొక్కితే మాత్రం
మూడు నాలుగింతలు ఓర్చుకుంటుంది.

కాంక్రీటు దిమ్మదీ ఆ తీరే:
ఇరవయ్యెనిమిది రోజులు తొట్టినీళ్లలో నాని వచ్చి
నెత్తిన నలభై అయిదు టన్నులు మోస్తుంది.
రెండు పక్కలా పట్టి లాగితే
అందులో పదోవంతుకే పగులు.
అందుకే దాని కడుపులో ఇనుము.

వీటిలో ఏది బలమైనదని పరీక్షలో అడుగుతారు, రెండు మార్కులు.
దేనికి, ఎన్నాళ్లు అని అడగరు.
ఉప్పుగాలి మా కిటికీ ఊచల్ని
ఏ ముల్లూ కదలకుండా తినేస్తోంది.

ఓ శుక్రవారం మధ్యాహ్నం
ల్యాబంతా అన్నం డబ్బాల వాసన,
ఫిషింగ్ హార్బరు నుంచి మైలపల్లి దానయ్య వచ్చాడు.
గోనెసంచిలో రెండు తాడుముక్కలు.
మేనల్లుడి బోటు లంగరుతాడు తెగి
డాల్ఫిన్స్ నోస్ రాళ్లకి కొట్టుకుందట.
మనుషులు ఈదుకొచ్చారు. బోటు రాలేదు.
తాడు మంచిదే, మీకే వాడడం రాదన్నాడట కొట్టువాడు.
"దీని బలం ఏటో మీ మిషన్ని అడిగి సెప్పండి బాబూ."

ఫీజు కట్టి చలానా తెమ్మనాలి.
అనలేదు.

మొదటి ముక్కని కడ్డీకి చుట్లు చుట్టి బిగించాను,
రెండున్నర టన్నులు లాగింది.
కొట్టువాడు అబద్ధమాడలేదు.
రెండోది దానయ్యే కొక్కేనికి కట్టాడు,
నాతో మాట్లాడుతూనే, చేతులవైపు చూడకుండా.
నాకెప్పటికీ రాని ముడి అది.
టన్ను దాటిందో లేదో
ముడి మొదట్లో పోగులు ఒక్కొక్కటే లేచి
కొబ్బరిపీచులా విచ్చుకుని
తెగింది.

"ముడి లేకపోతే ఇంతకి రెట్టింపు ఆగుతుంది" అన్నాను,
పుస్తకం చదివినవాణ్ణి కదా.
దానయ్య తెగిన కొసని వేళ్లతో నలుపుతూ
"ముడెయ్యకుండా తాడెందుకండి?" అన్నాడు.

తెగగానే నల్లముల్లు సున్నాకి పడిపోతుంది.
దాని వెనకే వెళ్లిన ఎర్రముల్లు
ఎంతదాకా మోసిందో అక్కడే ఆగి ఉంటుంది,
ఎవరో ఒకరు చేత్తో వెనక్కి తిప్పేదాకా.
రోజూ తాళం వేసేముందు నేనే తిప్పుతాను.
ఆరోజు తిప్పలేదు.

రిజిస్టరులో పదార్థం అన్న గడిలో
నైలాను అని రాశాను.
కాసేపాగి, పక్కనే ఇరికించాను:
ముడితో.