ఆపిల్ పెట్టెలు

"ఇది సీజన్ కాయేనా మేడమ్?"
కొత్తపేట సూపర్ మార్కెట్ల, తూకం మిషన్ దగ్గర
ఏప్రిల్ మధ్యాహ్నం ఒకాయన అడిగిండు.
చేతిల ఆపిల్. దాని చెంప మీద
గోరంత స్టిక్కర్.
కాయకు కాదు సార్, సీజన్ ఇప్పుడు గోదాముకే,
అనబోయి ఊకున్న.

మా నాయిన అంజిలయ్య, గడ్డిఅన్నారంల హమాలీ.
ఆయన క్యాలెండర్ వీపు మీద ఉండేది.
బోనాలు ఒడవంగనే సిమ్లా లారీ.
"తొందరపడి కోసిన సరుకు, నీళ్ల బరువు" అనేటోడు.
వినాయకుడు కూసునే నాటికి రాయల్,
ఒంటి నిండ ఎర్ర గీతలు,
అడుగున చిన్నపిల్ల పండ్ల లెక్క అయిదు బుడిపెలు.
బతుకమ్మకు కశ్మీర్ డెలిషియస్.
దాని ఎనక గోల్డెన్, పసుపు మొఖంది,
పండిందో లేదో తెలవక ఎవరూ అడగనిది.
కార్తీకంల కిన్నౌర్.
"చలిల నిలబడి పండిందట బిడ్డా,
అందుకే కొరికితే చప్పుడు చేస్తది."
ఆఖర్ల, ఎన్నడో ఒకసారి, రెండు పెట్టెలు అంబ్రి.
అంబ్రి మోసిన రాత్రి నాయిన
అంగీ విడిచేటోడు కాదు, వాసన పోతదని.

తినుడు మాత్రం తక్కువ.
మా ఇంట్ల ఆపిల్ అంటే జ్వరం.
గాంధీ దవాఖానకు చూడబోతే అరడజను:
పేషెంటుకు నాలుగు, తోడున్నోళ్లకు రెండు.
దెబ్బ తగిలిన కాయ దొరికితే
మచ్చ చెక్కి, ముక్కలు కోసి
అమ్మ ఉప్పునీళ్లల్ల వేసేది.
మచ్చ పక్కనే తీపి ఎక్కువని
ఇప్పటికీ నా నమ్మకం.

మా ఇంటికి నిజంగ వచ్చింది పెట్టె.
మేకులు గుంజి, వంకర తీసి
నాయిన గిన్నెల అర చేసిండు, కోళ్ల గూడు చేసిండు,
తమ్ముడు పుట్టినంక ఉయ్యాల తొట్టె చేసిండు.
తొట్టె పక్కకు నల్ల రంగుల 'సోపోర్'.
వాడు బడికి పోకముందే చదివిన మొదటి ఊరు అదే,
హైదరాబాద్ కాదు.

పెట్టె లోపల ఎండుగడ్డి. గడ్డిల ఉర్దూ పేపరు.
కమీషన్ దుకాణం మునీమ్ వజీరలీ చాచా
నలిగిన కాగితం మోకాలి మీద సాపు చేసి
నుదుటి మీది కళ్లజోడు దించి చదివేటోడు.
నెల కిందటి వాన. మూసిన రోడ్డు. ఎవరిదో నిఖా.
తప్పిపోయిన గొర్రె, చెవికి నీలం దారం,
తెచ్చినోళ్లకు ఇనాం.
"గొర్రె దొరికిందంటవా చాచా?"
"వచ్చే పెట్టెల చూద్దాం బేటీ."
వచ్చే పెట్టెల ఎప్పుడూ వేరే తారీఖు.

పక్క అంగడిల షాద్‌నగర్ సీతాఫలాలు.
ఇయ్యాల కన్ను తెరిస్తే ఎల్లుండికి నలుపు.
నాయిన వాటిని చూసి అనేటోడు,
"ఇది మన మనిషి. ఆగదు."

ఇప్పుడు మార్కెట్ బాటసింగారం పోయింది.
నాయిన మోకాళ్లు పోయినయి.
పెట్టె అట్టదైంది, పొయ్యిల వేసినా నిమిషం మండదు.
కార్తీకంల కోసిన కాయ
గాలి తగ్గించిన గదిల ఊపిరి బిగబట్టి
వైశాఖం దాకా పడుకుంటది.
అది లేచేలోపు ఓడలు దిగుతయి,
వాషింగ్టన్, న్యూజిలాండ్ గాలా, ఫూజీ,
డైట్ పిల్లల కోసం పుల్లటి పచ్చకాయ.
పన్నెండు నెలలు, ఒకటే ఎరుపు, ఒకటే మెరుపు.
నేనే తుడిచి పేర్చేది, స్టిక్కర్ పైకి వచ్చేటట్టు.

"సీజన్ కాయ కావాల్నంటే
వినాయక చవితికి రండి సార్" అన్న.
ఆయన నవ్విండు.
"అప్పటిదాక జ్వరం ఆగుతదా అమ్మా?"
రెండు కిలోలు తీసుకుండు.
చీటీ అంటించి, ఒక మెత్తటి కాయ తీసేసి
గట్టిది వేసిన. చూసిండో లేదో.

రాత్రి షట్టర్ దించే ముందు
ఖాళీ డబ్బాలు మడతపెడుతుంటే
అడుగున స్పాంజి జాలీ, తెల్లటి పల్చటి కాగితం.
అక్షరం లేదు.
అయినా రెండు దిక్కుల తిప్పి చూస్త ప్రతిసారి,
గొర్రె సంగతి ఏమన్న రాసిన్రేమోనని.