మేనరికం

హెబ్బాళ దగ్గర, మూడో అంతస్తులో,
ఇరవై ఏడు డిగ్రీలు దాటనివ్వని గదిలో
పురుగులు పెంచడం నా ఉద్యోగం.
మా ఆదోనిలో ఎవరికైనా చెబితే
ముందు నవ్వుతారు. తర్వాత ఊరుకుంటారు.

పొద్దున్నే శనగపిండి, ఈస్టు, అగరు ఉడకబెట్టి
చల్లార్చి, చిటికెడు విటమిన్ కలిపి
చిన్న చిన్న గిన్నెల్లో పోస్తాను.
గిన్నెకొకటి చొప్పున
కుంచె కొసతో ఎత్తి దించుతాను,
పసిపిల్ల మాడుకి ఆముదం అద్దినంత మెల్లగా.
పెద్దదయ్యేదాకా ఒంటికి గులాబీ రంగు రాదు.
అందాకా పాలిపోయి ఉంటుంది,
ఎవరి కొంప ముంచాలో ఇంకా తేల్చుకోనట్టు.

పై అరలో, చల్లని సీసాలో, ఇంకొకటుంది.
మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవి.
దాని ఒంట్లో ఒక పలుకు, కలకండ ముక్కలా.
పురుగు తింటుంది. కడుపులో పలుకు కరుగుతుంది,
పేగు గోడ మీద తన తాళం వెతుక్కుంటుంది,
తిప్పుతుంది.
ఆ తలుపు తెరుచుకుంటే మూసేవాళ్లుండరు.
పూట తిరక్కుండా మేత మానేస్తుంది,
మూడో రోజుకి నల్లబడుతుంది.
ఆ తాళంచెవినే పత్తి గింజలో పెట్టారని
నేను చేరిన కొత్తలో డాక్టర్ తంగమణి
బస్ టికెట్ వెనక బొమ్మ గీసి చెప్పింది.

పుట్టతాయమ్మది శిడ్లఘట్ట. ఇంటినిండా పట్టుపురుగులే.
సీసాలోదానికి మన పురుగు, పగపురుగు తేడా లేదు.
అందుకని శనివారం బస్సెక్కే ముందు
ఇక్కడే తలకి పోసుకుని, చీర మార్చి, చెప్పులు కూడా మార్చి
పది గోళ్లూ నాకు చూపిస్తుంది.
"ఏమీ లేదు, పో" అంటాను.
అయినా ఇంకోసారి కడుక్కుంటుంది.

పోయిన నెల కొరియర్లో కాయలొచ్చాయి.
డబ్బా మీద: ఆదోని మండలం.
చీలిస్తే, రెండు గింజలు అతికించి
మధ్యలో కాపురం పెట్టి ఉన్నాయి.
వాటి పిల్లలకే ఈ వారం పరీక్ష.
నూట ఇరవై గిన్నెలు, గిన్నెగిన్నెకీ మందు.
ఇవాళ లెక్క. నలభై ఒకటి బతికున్నాయి.
బతకడమేంటి, బలిశాయి.

"తాళం మార్చుకున్నాయి" అంది తంగమణి.
పోయినేడు భూపసంద్రలో మా ఓనరు చేసిందీ అదే,
అద్దె రెండు రోజులు ఆలస్యమైందని.
చేతిలో చెవి ఉంది. తలుపుకి నేనెవరో తెలియదు.

ఇంకొకటుంది, ఎవరికీ చెప్పలేదు.
విత్తనాల డబ్బాలో ఓ చిన్న పొట్లం వచ్చేది.
మందు లేని మామూలు పత్తి, చేను చుట్టూ వేయమని.
"పురుక్కి అన్నదానమా?" అన్నాడు మా అన్న ఈరన్న.
పొట్లం నా చేతికిచ్చాడు. గట్టవతల పారేశాను.
నాలుగేళ్లు అలాగే.
పొట్లం వెనక ఏదో రాసి ఉండేది.
ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే.

అన్నదానం కాదట. పెళ్లిచూపులట.
ఆ మామూలు సాళ్లలో పెరిగిన మెతకది
రెక్కలొచ్చి, మందుకి లొంగని మొండిదాన్ని కట్టుకుంటే
పిల్లలు మెతకగానే పుడతారట.
బయటి సంబంధం దొరక్కుండా చేశాం.
మొండిది మొండిదాన్నే చేసుకుంది,
మేనత్త కొడుకు, మేనమామ కూతురు,
తరం మీద తరం మేనరికం,
ఆస్తి గడప దాటకుండా.
వాటికి ఆస్తంటే ఆ మారిన తాళమే.

మధ్యాహ్నం ఈరన్న ఫోన్:
"పెద్ద ల్యాబులో ఉన్నావు గదా, ఏం కొట్టాలో అడుగు.
ఇప్పటికి ఆరుసార్లు కొట్టినా."
వెనకాల పంపు మోత.
"ముక్కుకి గుడ్డ కట్టుకో" అన్నాను. అంతకన్నా చేతకాలేదు.
రిజిస్టర్లో నలభై ఒకటి రాసి
కింద హులిగమ్మ అని సంతకం పెట్టాను.

సాయంత్రం రెక్కల పురుగుల పంజరం సర్దాను.
ఆదోని ఆడవి పది.
మందు ముఖమే చూడని ల్యాబు మగవి పది,
ఈ గదిలో నలభై తరాలుగా శనగపిండి తిన్నవి.
ఈ సంబంధం నేనే చూశాను.
తాగడానికి తేనెనీళ్లలో ముంచి
దూది ఉండ పెట్టాను.
అవును, పత్తే.

లైటు తీస్తే గానీ దగ్గరికి చేరవు.
తీశాను.