అక్షరానికి ఆరు రూపాయలు

పూర్ణామార్కెట్ వెనక, ఉల్లిపాయల గోడౌను పక్క సందులో
నాది మూడడుగుల కొట్టు.
షీల్డుల మీద, కప్పుల మీద, స్టీలు బిందెల మీద
పేర్లు చెక్కుతాను.
అక్షరానికి ఆరు. వత్తులకు వేరే తీసుకోను.

"శ్రేష్ఠ" అన్నా పన్నెండే, "మేటి" అన్నా పన్నెండే.
ఒకటి మణికట్టు లాగేస్తుంది,
ఠవత్తు జారి రేకు అంచుకు పోతుంది.
రెండోది టీ చల్లారేలోపు అయిపోతుంది.

ముప్పై రెండేళ్లు.
ఎవర్ని ఎవరికన్నా పైన కూర్చోబెట్టానో లెక్క లేదు.

"ఉత్తమ" గాజువాక నుంచి వస్తుంది,
ఆఫీసు కాగితం మీద, కింద రబ్బరు స్టాంపుతో.
దాన్ని ఇంట్లో ఎవరూ వాడగా వినలేదు.
"ఘనుడు" బరువైన మాటే,
వెనక ఒక్క "లే" తగిలించి చూడండి,
ఘనుడివిలే,
మనిషి అక్కడికక్కడే తేలిపోతాడు.
"గొప్ప" ఒక్కటిగా ఉన్నంతసేపే గొప్ప.
నలుగురిలో పడి "గొప్పలు" అయిందా, ఇక వినబుద్ధి కాదు.
"పైచేయి" చెక్కమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు,
కింద ఇంకో చెయ్యి నలుగుతుంటుందని
అందరికీ తెలుసు కాబోలు.
"మొనగాడు" అడుగుతారు కుర్రాళ్లు, కబడ్డీ కప్పులకి.
పేరు వాళ్లది, మొన నాది.
వారానికి రెండుసార్లు సానపడతాను.

పని నేర్పిన సోంబాబు మేస్త్రిది
అందెవేసిన చెయ్యి అనేవారు.
అందె మాట అటుంచి,
ఆ చేతికి వాచీ అయినా ఉండగా చూడలేదు.
బొటనవేలి కింద యాసిడ్ మచ్చ ఒకటి.
ఊళ్లో సగం అల్మరాల్లో ఆయన రాత ఉంది,
ఆయన పేరు దేనిమీదా లేదు.

మొన్న ఎండపొద్దున పెదజాలారిపేట నుంచి
తెడ్డు పోలమ్మ వచ్చింది.
నెత్తిన ఖాళీ గంప, కొంగుముడిలో అరచేతంత ఇత్తడి రేకు.
"మా ఎల్లాజీగాడు తెప్పల పందెంలో నాలుగోవోడొచ్చినాడు,
రాసీ బాబూ."
నాలుగోవాడికా అన్నట్టు చూశానేమో,
"నిరుడు కామెర్లొచ్చి తెడ్డే ఎత్తనేకపోనాడు" అంది.

నా దగ్గరున్నవన్నీ వరసగా చదివాను,
చీరల కొట్లో మడతలు విప్పినట్టు:
మేటి, మిన్న, దిట్ట, ధీరుడు, ఘనుడు.
"సాటిలేని" కూడా ఉందమ్మా, కాస్త పొడుగు.
విన్నంతసేపూ విని,
"అయి ఆడికి పెద్దయిపోతాయి బాబూ,
అన్న సొక్కా ఏసుకున్నట్టు" అంది.

మరేం రాయను?

"నయం అని రాయి."

ఎవరికన్నా నయం, అని నోరు జారాను.
వేలం అయిపోయాక చేప ధర అడిగినవాణ్ణి చూసినట్టు చూసి
"నిరుటికన్నా" అంది.

న. పక్కన య. దాని పక్కన సున్నా.
ఇంతకాలం ఈ మాట ఎక్కడుంది?
ఆసుపత్రి వరండాల్లో, పథ్యం గిన్నెల దగ్గర,
"ఈ పూట కొంచెం నయం" అనుకునేచోట ఉంది.
పోటీ పెట్టేవాళ్లకి కనపడలేదు.
నాకూ కనపడలేదు, అబద్ధమెందుకు.

సున్నా దగ్గర చెయ్యి కొద్దిగా వణికింది,
గుండ్రంగా రాలేదు, కోలగా తెప్పలా వచ్చింది.
చింతపండుతో తోమి, గుడ్డతో మెరుగుపెట్టి ఇచ్చాను.
వేలితో తడిమి చూసుకుంది. చదువు లేదు,
గాడి లోతు తెలుస్తుంది.

ఎంతంది.
పన్నెండన్నాను.
కొంగుముడి విప్పుతూ విప్పుతూ ఆగి,
"రెండచ్చరాలే గదా,
కాస్త నయం సేసుకో బాబూ" అంది.

పది తీసుకున్నాను.