నూట ముప్పై

ఫారో దీవుల్లో, వేస్త్మన్నా జలసంధి మీద
పన్నెండు వలల వలయాల్లోని సాల్మన్ చేపలకు
మేత పెట్టేది నేను రాసిన షెల్.
వాల్వు తెరువు, లెక్కపెట్టు, వాల్వు మూయి.
అంతే దాని చదువు.

మొదటి చలికాలం దానికి వినడం రాదు.
నల్లటి తెర ముందు సామల్ కూర్చునేవాడు
ఉన్ని టోపీ తీయకుండానే.
కుడి చూపుడువేలు సగమే,
మిగతా సగం ఎప్పుడో పడవ చక్రం తినేసింది.
అయినా కంట్రోల్, సీ కలిపి నొక్కితే
గురి తప్పేది కాదు.

ఆ రాత్రి ఏడో వలయం దగ్గర అలలు లేచాయి.
మేత దండగవుతోందని ఆపమన్నాడు.
ఆగింది.
ఎక్కడున్నది అక్కడే, చెప్పాపెట్టకుండా,
నోట్లో ముద్ద నోట్లో ఉండగానే పోయింది.
వాల్వు మాత్రం తెరిచే ఉంది.
తెల్లవార్లూ గొట్టం మేత కక్కింది
ఎవరూ తినని నీళ్ళలోకి.

పొద్దున మళ్ళీ నడపబోతే
"లోపల ఇంకొకరు ఉన్నారు" అంది.
ఎవరూ లేరు.
పోయినవాడి చెప్పులు గడపలో మిగిలినట్టు
ఒక తాళం ఫైలు.
దాన్ని చూసి కొత్త ప్రాసెస్
మర్యాదగా బయటే నిలబడిపోయింది.
మధ్యాహ్నం దాకా చేపలకు పస్తు.

సామల్ తిట్టలేదు.
"తూరీ, నేను ఆగమన్నాను.
చావమనలేదు."

ఆ రెండు ముక్కల్నీ కోడ్‌లోకి దించడానికి
నాకు పదకొండు రాత్రులు పట్టింది.

ఆగమనే మాట ఎప్పుడైనా రావచ్చు,
వాల్వు సగం తిరిగినప్పుడు,
ఫైలులో అంకె సగం పడినప్పుడు.
అందుకని ఒక చెవి పెట్టాను.
చెవికి ఒక్కటే పని, విన్నానని జెండా ఎత్తడం.
చెవి పరుగెత్తకూడదు, చెవి దేన్నీ ముట్టుకోకూడదు.
పని చేసే చేయి చేతిలోది దించాక
జెండా వంక చూస్తుంది,
వాల్వు మూస్తుంది, తాళం తీస్తుంది,
తను పరిచిన చిత్తు కాగితాలు తనే ఊడ్చుకుని
గుమ్మం దాటుతూ ఒక అంకె చెబుతుంది:
నూట ముప్పై.
నేను ఓడలేదు, నన్ను ఆపారు, అని.

ఇంకో సంగతి కూడా నేర్పాను.
సగం మాట టైపు చేసి మనసు మార్చుకున్నవాణ్ణి
షెల్ బయటికి గెంటకూడదు.
కొత్త వరస ఒకటి ఇచ్చి ఊరుకోవాలి.

అంకెల మీద సామల్‌కి ఫిర్యాదు ఉండేది.
"సున్నా వస్తే మంచిదంటావేం?
వల ఎత్తితే సున్నా వచ్చిన రోజు
మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు."
"ఇక్కడా అంతే, సున్నా అయితే షెల్ మాట్లాడదు" అన్నాను.
బాగుపడడానికి ఒక్కటే అంకె,
చెడడానికి రెండు వందల యాభై అయిదు అని చెబితే
కిటికీలోంచి బయటికి చూశాడు.
"అంతేనా?
సముద్రానికి ఇంకా చాలా తెలుసు."

ఆ అంకెనైనా వెంటనే అడగాలి.
మధ్యలో ఒక్క మాట, కుశలప్రశ్నయినా సరే,
అడిగామా, పాత దెబ్బ మరిచిపోయి
కొత్తదానికి జవాబు చెబుతుంది.
ఇది మాత్రం సామల్‌కి వెంటనే అర్థమైంది.
ఎలా అని నేను అడగలేదు.

తొమ్మిది ఒకటుంది.
దానికి చెవి పెట్టలేం.
జెండా ఉండదు, ఊడ్చుకునే వ్యవధి ఉండదు.
ఫిబ్రవరి గాలికి కరెంటు తీగ తెగితే వచ్చేదీ
దాని తోబుట్టువే.
"దానికేం రాశావు?"
"రాయడానికి ఏమీ లేదు సామల్."

టోపీ చెవుల మీదికి లాక్కుని
పడవ ఇంజను గదిలోకి వెళ్ళాడు.
మర్నాటికి ఏడో వలయం వాల్వుకు
లావాటి స్ప్రింగు ఒకటి బిగించి ఉంది.
కరెంటు పట్టుకున్నంతసేపే తెరుచుకుంటుంది,
వదిలేస్తే తనంతట తానే మూసుకుంటుంది.
గ్రీజు చేత్తో, ఆ సగం వేలితోనే
స్విచ్చి కట్టేసి చూపించాడు.

టక్.

ఆ చప్పుడు ఏ అంకెనూ తిరిగివ్వలేదు.
ఇంకా పదకొండు వలయాలున్నాయి.
లాప్‌టాప్ మూసి
నేను స్పానర్ అందుకున్నాను.